ఒడ్డున చూపు, నీట చెవి

జహీరాబాదునుండి సముద్రము చేరవలెనన్నచో, పటముపై తిన్నని గీత గీసి కొలిచినను, ఏ దిక్కునకు పోయినను సుమారు 350 కిలోమీటర్లకు తక్కువ లేదు. ఎఱ్ఱమట్టి నేలలలో అల్లమును ఆలుగడ్డయు, నల్లరేగళ్లలో శనగయు జొన్నయు పండించుకొనుచు, ముంబాయి రహదారి వెంట రేయింబవళ్లు సాగు లారీల రొదయే కాని కెరటముల ఘోష యెఱుగని ఈ పీఠభూమిపై కూర్చుండి, భూగోళమునకు ఆవలి పార్శ్వముననున్న ఒక చల్లని సముద్రమున, అక్కడి అర్ధరాత్రి వేళ, తల్లి వెంట ఈదుచున్న ఒక ఓర్కా తిమింగిలము తనవారిని పిలుచు పిలుపును, అది పలికిన కొలది సేపటికే చెవులార వినగలుగుట మన కాలమున సాధ్యమైనది. ఒక సెల్‌ఫోను, ఓపిక గల ఒక చెవి: దీనికి ఇంతకంటె సాధనసంపత్తి అక్కరలేదు.

ఈ సౌలభ్యము యంత్రములవలన మాత్రమే సిద్ధించినది కాదు. అర్ధశతాబ్ది కాలముగా ఒడ్డున నిలిచి సముద్రమువైపు చూచుచు, చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టిన వేలాది సామాన్యజనుల శ్రద్ధ దీని పునాది. దీపస్తంభముల కావలివారు, చేపలు పట్టువారు, పడవ ప్రయాణికులు, పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, బడిపిల్లలు ఈ పనిలో పాలుపంచుకొనిరి. వన్యప్రాణిని కాపాడుటకు పూర్వము దానిని గుర్తుపట్టవలెను. గుర్తుపట్టుట యనగా జాతిని కాదు, వ్యక్తిని గుర్తుపట్టుట. ఇది యే తల్లి బిడ్డ, దీని అమ్మమ్మ యెవరు, దీనికి ఎన్నేండ్లు, నిన్న ఎక్కడ నుండెను, నేడు ఎటు పోవుచున్నది అని తెలిసిన పిదప ఆ ప్రాణి మనకు ఒక అంకెగా ఉండుట మానివేయును. నేను వ్రాయదలచినది ఆ యెఱుకను గూర్చియే.

అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమునకును కెనడాలోని బ్రిటిషు కొలంబియాకును నడుమ, ద్వీపముల సందులగుండ లోనికి చొచ్చుకొనివచ్చిన పసిఫిక్ మహాసముద్రపు జలభాగమునకు సాలిష్ సముద్రమని పేరు. సియాటిల్, వాంకూవర్ మహానగరములు దాని యొడ్డుననే వెలసినవి. బెల్‌వ్యూ, రెడ్మండు, సమామిష్ మొదలగు సియాటిల్ పరిసర పట్టణములలో నేడు తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. మన ప్రాంతములనుండి వెళ్లిన పిల్లలు సెలవునాడు ఫెర్రీ యెక్కి దీవులకు పోయివచ్చుచు, కమ్ముల కడ నిలిచి, నల్లని రెక్క యొకటి నీటినుండి నిట్టనిలువుగా లేచుట చూచి అబ్బురపడుచుందురు. ఓర్కా శాస్త్రరీత్యా డాల్ఫినుల కుటుంబమునకు చెందినది, ఆ కుటుంబమున అన్నిటికంటె పెద్దది. మగది తొమ్మిది మీటర్ల వరకు పెరుగును. దాని వీపురెక్క ఒక్కటే 1.8 మీటర్ల ఎత్తు వరకు ఉండును. నల్లని మేను, కంటి వెనుక తెల్లని మచ్చ, వీపురెక్క వెనుకగా బూడిదరంగు పట్టీ దాని ఆనవాళ్లు.

1960 దశకము వరకు ఆ తీరవాసులకు ఓర్కా యన్న భయము, ద్వేషము. తమ చేపలను దోచుకొనునని జాలరులు తుపాకులతో కాల్చెడివారు. 1964లో వాంకూవర్ జలచర ప్రదర్శనశాలవారు, ఓర్కా ప్రతిమ నొకదానిని చేయించుటకు నమూనాగా ఒక ప్రాణిని చంపి తెమ్మని ఒక శిల్పిని పంపిరి. సాటర్నా ద్వీపపు టొడ్డునుండి ప్రయోగించిన ఈటె తగిలిన ఓర్కా పిల్ల చావలేదు. దానిని ఆ ఈటె త్రాడుతోనే నగరమునకు ఈడ్చుకొనివచ్చిరి. మోబీ డాల్ అని పేరు పెట్టబడిన ఆ ప్రాణి మూడు నెలలైన బ్రదుకలేదు. కాని ఆ స్వల్పకాలమున అది ఎవరిని కరవక, కొన్నాళ్లకు మనుష్యుల చేతినుండి చేప నందుకొని తిని, తాను రాక్షసి కాదని చూపెను. చెఱలోనుండి నిరంతరము ఏదో పిలుచుచుండెను. ఆ పిలుపులను శాస్త్రజ్ఞులు ధ్వనిముద్రణ చేసిరి. చాల ఏండ్ల పిమ్మట ఆ ముద్రణను విన్నవారు, అది నేటికిని ఆ సముద్రములోనే తిరుగుచున్న ఒకానొక కుటుంబపు కూతయేయని పోల్చిరి. ఆ పిల్ల పిలిచినది తన ఇంటివారిని.

భయము తగ్గినంతనే వ్యాపారము మొదలైనది. 1970 ఆగస్టు 8వ తేదీన విడ్బీ ద్వీపమునందలి పెన్ కోవ్ అను ఉపసాగరములోనికి, పడవలతోను పేలుడు పదార్థములతోను తరిమి, 80కి పైబడిన ఓర్కాలను వలలలోనికి మళ్లించిరి. ఏడు పిల్లలను తల్లులనుండి విడదీసి ప్రదర్శనశాలలకు అమ్మిరి. వలలలో చిక్కి అయిదు ప్రాణులు ఊపిరాడక మరణించెను. ఆ సంగతి పొక్కకుండుటకై వాని పొట్టలు చీల్చి, బరువులు కట్టి, సముద్రగర్భమున ముంచిరి. కొన్ని నెలలకు ఆ కళేబరములు పైకి తేలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. నాడు అమ్ముడుపోయిన పిల్లలలో టోకిటే యనునది ఒకటి. మయామి నగరమున ఒక చిన్న కొలనులో అర్ధశతాబ్దికి పైగా గడిపి, 2023 ఆగస్టులో అక్కడనే కన్నుమూసినది. తన కుటుంబపు కూతలను అది చివరివరకు మరువలేదని దానిని విన్నవారు చెప్పిరి. దాని చితాభస్మమును అదే సంవత్సరమున లమ్మీ ఆదివాసీజనులు సాలిష్ సముద్రమునకు తీసికొనిపోయి కలిపిరి. వారి దృష్టిలో ఓర్కాలు బంధువర్గము.

అసలు ఈ సముద్రమున ఓర్కాలు ఎన్ని యున్నవి? పట్టువారును కాల్చువారును వేలున్నవని యనుకొనిరి, లెక్కించినవారు లేరు. కెనడా ప్రభుత్వము ఆ పనిని నానైమో పట్టణమునందలి పసిఫిక్ జీవశాస్త్ర కేంద్రమున నున్న మైకేల్ బిగ్ అను యువశాస్త్రజ్ఞునికి అప్పగించెను. ఆయన చేసిన మొదటి పని ఏ నౌకనో ఏ విమానమునో కోరుట కాదు. తీరము పొడవునను దీపస్తంభముల కావలివారికి, జాలరులకు, పడవలవారికి వేలాది ప్రశ్నపత్రములు పంచి, 1971 జూలై 26వ తేదీన అందఱును ఒకేనాడు సముద్రమువైపు చూచి, ఎవరికెన్ని కనబడినవో వ్రాసి పంపుడని వేడెను. ఒక సముద్రతీరమంతయు ఒక దినమున ఒకే ప్రాణికొఱకు కన్నులు తెరచి నిలుచుట! శాస్త్రచరిత్రలో ఇంతకంటె అందమైన సన్నివేశములు అరుదని నా అభిప్రాయము. వచ్చిన సమాధానములను క్రోడీకరింపగా తేలినది, వేలు కాదు, కొన్ని వందలు మాత్రమేయని. అంతకుపూర్వము ఎవరు ఎన్ని వాదములు చేసినను ఆగని పట్టివేతల వ్యాపారమునకు ఆ చిన్న సంఖ్యయే మొదటి అడ్డుకట్ట యయ్యెను.

దాని వెనుకనే బిగ్ బృందము మఱియొక విషయము కనుగొనినది. ఫోటోలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూడగా, ఏ రెండు ఓర్కాల వీపురెక్కలును ఒక్కలాగున లేవు. ఒకదాని అంచున గాటు, ఒకదాని కొన వంపు, ఒకదాని బూడిదరంగు పట్టీపై మానిపోయిన గీరుడు: ఈ గుర్తులు ఏండ్లు గడచినను చెఱగవు. నాటినుండి ప్రతి ప్రాణికి ఒక అక్షరము, ఒక అంకె లభించెను. క్రమముగా పేర్లును వచ్చినవి. ఫోటోలు పెరిగినకొలది వంశవృక్షములు వెలసినవి. కొడుకులును కూతుళ్లును పెరిగి పెద్దవారైన తరువాతను తల్లిని విడువక జీవితాంతము ఆమె వెంటనే తిరుగుదురనియు, కుటుంబమునకు పెద్ద అమ్మమ్మయేననియు తేలినది. చేపలు దొరకని యేడు దారి చూపుచు ముందు నడచునది ముసలి ఆడదియేనని తరువాతి పరిశోధకులు నిరూపించిరి. చేపలను మాత్రమే తినుచు, జె, కె, ఎల్ అను మూడు గుంపులుగా నివసించువానిని దక్షిణ నివాసి ఓర్కాలని యందురు. సీలులను, ఇతర క్షీరదములను వేటాడి తినునది వేఱొక తెగ. వాడుక వేఱు, కూతలు వేఱు, వీరికిని వారికిని పొత్తు లేదు. 1990లో చిన్న వయసుననే మరణించిన ఆ శాస్త్రజ్ఞుని పేరుతో ఆ రెండవ తెగను నేడు బిగ్ ఓర్కాలని పిలుచుచున్నారు.

దక్షిణపు గుంపులను ఏటేట లెక్కించు భారమును 1976లో కెన్ బాల్కం అను ఆయన వహించెను. అంతకుపూర్వము ఆయన అమెరికా నౌకాదళమున సముద్రశాస్త్ర నిపుణుడు. సాన్ వాన్ ద్వీపమున స్థిరపడి, తిమింగిల పరిశోధన కేంద్రమును స్థాపించి, 2022 డిసెంబరులో మరణించువరకు ఆయన ఆ జాబితాను ప్రాణమువలె కాపాడెను. మొదటి గణనలో ఆ ఓర్కాలు సుమారు 70. 1995 నాటికి 98 వరకు పెరిగినవి. పిమ్మట మరల తగ్గినవి. 2005లో అమెరికా ప్రభుత్వము వానిని ప్రమాదస్థితి నున్న ప్రాణులుగా ప్రకటించెను. ఇటీవలి లెక్కలలో 75 లోపుననే యున్నవి. అన్నిటికిని పేర్లున్నవి, వానిలో ఏ యొక్కటి కనబడకున్నను, ఫలానా తల్లి ఫలానా కొడుకు ఈ వేసవిలో రాలేదని చెప్పగలవారు ఆ ఒడ్డున నున్నారు.

ఆ ఒడ్డు చూపరులను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. సాన్ వాన్ ద్వీపపు పడమటి తీరమున లైమ్ కిల్న్ అను చోట 1919 నాటి దీపస్తంభ మొకటి కలదు. అక్కడ నీరు ఒడ్డు దగ్గఱనే లోతు. అందువలన ఓర్కాలు రాతిగట్టునకు ఎంతయో సమీపముగా సాగిపోవును. పడవ నెక్కి వానిని తరుమనక్కరలేదు, కూర్చుండి ఎదురుచూచిన చాలును. ఫ్రైడే హార్బరులోని తిమింగిల ప్రదర్శనశాల 1979లో తెరచినది మొదలు, 2001లో విడ్బీ ద్వీపమున దంపతులు నెలకొల్పిన ఓర్కా నెట్‌వర్కు వరకు, ఎన్నో కేంద్రములు చూపరుల మాటలను సేకరించుచు వచ్చినవి. చూచినవారు తెలుపవలసిన వివరములు సామాన్యములే: ఏ వేళ, ఏ చోటు, ఎన్ని, ఎటువైపు పోవుచున్నవి, పొడవైన రెక్క గల మగవి ఉన్నవా, పిల్లలున్నవా. ఒక్కరి మాట అల్పము. కాని ఉదయము ఉత్తరపు కొనవద్ద ఒకరు చూచి తెలిపినది, మధ్యాహ్నము ఫెర్రీ ప్రయాణికులు తెలిపినది, సాయంకాలము దక్షిణమున ఒక గృహిణి వంటింటి కిటికీనుండి చూచి తెలిపినది కలసినచో, ఒక కుటుంబపు దినచర్య యావత్తు పటముపై గీతగా నిలుచును.

చదువులేనివారి యెఱుక శాస్త్రమునకు పనికివచ్చునా యను సందేహము జహీరాబాదువారికి కలుగదు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, అత్యధికులు దళిత వ్యవసాయ కూలీలు, ఏ విత్తనము ఏ నేలలో ఏ కార్తెలో మొలచునో తమ జ్ఞాపకమునుండి తీసి, విత్తనములను కాపాడి, ప్రపంచమునకే పాఠము చెప్పిరి. మాచునూరునుండి 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోను నడుపుచున్నది వారే. తమ నేలను దినదినము చూచినవారి మాటకు విలువ కట్టినచో ఎట్టి జ్ఞానకోశము పేరుకొనునో మనము చూచియున్నాము. సాలిష్ సముద్రపు టొడ్డున జరిగినది అదియే.

అయినను కంటికి హద్దులున్నవి. రాత్రి పడునప్పటికి, పొగమంచు క్రమ్మినప్పుడు, చలికాలపు వానలలో చూపరి నిస్సహాయుడు. ఓర్కా తన ఆయుర్దాయములో అత్యధికభాగము నీటి క్రిందనే గడుపును. మనము చూచునది ఊపిరికై పైకి వచ్చిన క్షణమును మాత్రమే. అప్పుడు చెవి పనికివచ్చును. గాలిలో సెకనుకు 340 మీటర్లు పయనించు శబ్దము నీటిలో సుమారు 1500 మీటర్లు పయనించును, ఎంతయో దూరము పోవును. వెలుతురు చొరని లోతులలో బ్రదుకు ప్రాణికి శబ్దమే చూపు: టిక్కుటిక్కుమను ధ్వనులను విడిచి, వాని ప్రతిధ్వనులనుబట్టి చేప యెక్కడ నున్నదో అది కనుగొనును. ఆ టిక్కులు కాక, ఒకరినొకరు పిలుచుకొనుటకు కీచుమని సాగు కూతలు, ఈలలు వేఱుగా నున్నవి. హైడ్రోఫోను అనునది నీటిలో పనిచేయుటకై చేసిన మైక్రోఫోను. దానిలోని పింగాణీ పలుకుపై నీటి ఒత్తిడి మారినకొలది విద్యుత్సంకేతము పుట్టును. దానిని తీగద్వారా ఒడ్డునకు తెచ్చి వినవచ్చును. ఓర్కా కూతలలో పెక్కు మానవశ్రవణమునకు అందు స్థాయిలోనే యుండుట మన అదృష్టము.

ఈ కూతలలో గొప్ప రహస్యమును వెలికితీసినవాడు కెనడా శాస్త్రజ్ఞుడు జాన్ ఫోర్డ్. 1970 దశకపు చివరనుండి ఏండ్ల తరబడి ధ్వనిముద్రణలు చేసి, 1984లో సమర్పించిన తన సిద్ధాంతగ్రంథమున, ప్రతి గుంపునకును తన ప్రత్యేకమైన కూతల సంపుటి కలదనియు, అది పుట్టుకతో వచ్చునది కాక తల్లినుండి నేర్చుకొనునదనియు, దగ్గఱ బంధువుల మాండలికములు దగ్గఱగాను, దూరపు బంధువులవి దూరముగాను ఉండుననియు ఆయన చూపెను. జె-గుంపువారు ఎక్కువగా పలుకునది ఎస్-1 అను కూత, కె-గుంపునకు ఎస్-16, ఎల్-గుంపునకు ఎస్-19. చీకటి పడ్డాక ఊరిలోనికి వచ్చు మందలో మెడగంట చప్పుడునుబట్టి తన ఆవు నెఱుగు రైతువలె, ఆ తీరమున అలవాటుపడిన శ్రోతలు కంటితో చూడకయే ఇది జె-గుంపు, ఇది కె-గుంపు అని చెప్పగలరు.

ఇట్టి శ్రోతలలో అగ్రగణ్యుడు న్యూజీలాండులో పుట్టిన పాల్ స్పాంగ్. వాంకూవర్ ప్రదర్శనశాలలో చెఱపడిన ఓర్కాపై ప్రయోగములు చేయుటకు కుదిరి, ఆ ప్రాణి బుద్ధిని చూచి తానే మారి, దానిని విడిచిపెట్టవలెనని వాదించి, ఆ కొలువు పోగొట్టుకొని, 1970లో హాన్సన్ ద్వీపమున ఓర్కాల్యాబ్ అను చిన్న పరిశోధనస్థానమును నెలకొల్పెను. వెంటాడకుండ, తాకకుండ, పడవతో చుట్టుముట్టకుండ, కేవలము వినుటద్వారా ఓర్కాలను తెలిసికొనవలెనను నియమమును ఆయనయు ఆయన సహధర్మచారిణి హెలెనా సైమండ్సును దశాబ్దములుగా పాటించుచు వచ్చిరి. చుట్టుపట్ల జలసంధులలో అమర్చిన హైడ్రోఫోన్ల ధ్వనులు రేయింబవళ్లు ఆ కుటీరములోనికి వచ్చుచుండును. ఎవరో యొకరు మేలుకొని వినుచుండవలసినదే. ఈ నియమమును నేను పరిశోధనపద్ధతిగా మాత్రమే చూడలేను. అందులో ఒక శీలమున్నది.

వారి వినుకలి ఒక ప్రాణమును నిలిపిన ఉదంతము 2002లో జరిగినది. ఆ యేడు జనవరిలో సియాటిల్ చేరువ వాషన్ ద్వీపమువద్ద, ఫెర్రీ దారిలో, ఒంటరియైన ఓర్కా పిల్ల యొకటి ఒడ్డువారి కంటబడెను. రెండేండ్ల ప్రాయము, చిక్కిన మేను, చర్మవ్యాధి. నీటిపై తేలుచున్న కొమ్మలను ఒరసికొనుచు, పడవల చెంతకు వచ్చుచు, తల్లి లేని బిడ్డవలె తిరుగాడుచుండెను. ఓర్కా పిల్ల ఒంటరిగా నుండుట అసహజము. అది ఎవరి బిడ్డ? నీటిలో హైడ్రోఫోను దించి, దాని కూతలను ముద్రించి, విన్నవారికి పంపిరి. అవి దక్షిణపు గుంపుల కూతలు కావు. వందలాది కిలోమీటర్ల ఉత్తరమున, హాన్సన్ ద్వీప ప్రాంతమున తిరుగు ఒక కుటుంబపు మాండలికము. కంటి మచ్చ ఫోటోలతో సరిపోల్చగా అది ఎ-73, స్ప్రింగర్ అను పిల్లయేనని స్థిరపడినది. దాని తల్లి అప్పటికి కానరాకుండ పోయినది. రెండు ప్రభుత్వములును, ఎన్నో సంఘములును కూడి ఆలోచించి, జూన్ నెలలో పిల్లను పట్టి, చికిత్స చేసి, జూలైలో వేగముగా నడచు నౌకపై దాని జన్మజలములకు చేర్చిరి. అక్కడి నామ్‌గిస్ ఆదివాసీ జాలరులు దాని ఆకలికై అడవి సాల్మన్ చేపలను ముందే పట్టియుంచిరి. ఆ రాత్రి బంధువుల గుంపు ఆ దారినే వచ్చెను. పిల్ల పిలిచినది, వారును పలికిరి. మఱునాడు వల విప్పగా అది వారివైపు సాగిపోయెను. 2013లో స్ప్రింగర్ తన బిడ్డను వెంటబెట్టుకొని కనబడినది. చెఱలకై పిల్లలను తల్లులనుండి వేఱుచేసిన మనుష్యజాతి, ఒక్క పిల్లనైనను తిరిగి ఇంటికి చేర్చగలిగినది. చేర్చగలిగినది దాని యింటిభాష నెఱిగినవారుండుటచేతనే.

చూపును వినుకలియు ఒకదానికొకటి తోడు. చేపలు తిను ఓర్కాలు మాటకారులు. అవి దాపునకు వచ్చినచో హైడ్రోఫోను మౌనముగా ఉండదు. క్షీరదములను వేటాడు బిగ్ ఓర్కాలు మాత్రము వేటవేళ గుట్టుగా సాగును, ఏలయన సీలులకును పోర్పాయిసులకును చెవులున్నవి, కూత విన్నచో పారిపోవును. వేట ముగిసినపిదప గాని అవి నోరు విప్పవు. అట్టి మౌనులను పట్టియిచ్చునది ఒడ్డున నిలిచినవారి చూపొక్కటే. పగటివేళ ఒడ్డున చూపు, రాత్రివేళ నీట చెవి: రెండును కలసిననాడే ఓర్కాల గమనము ఇరువదినాలుగు గంటలును మన యెఱుకలో నిలుచును.

జహీరాబాదు ప్రసక్తి ఇచ్చటనే వచ్చుచున్నది. వాల్ వీర్స్, స్కాట్ వీర్స్ అను తండ్రికొడుకులు పెంపొందించిన ఓర్కాసౌండ్ అను సంస్థ, సాలిష్ సముద్రములో పలుచోట్ల అమర్చిన హైడ్రోఫోన్ల ధ్వనిని 2018నుండి ఇంటర్నెట్టుద్వారా ఎవరైనను ఎప్పుడైనను ఉచితముగా వినునట్లు అందించుచున్నది. వినుచుండగా విశేషమేదైన చెవినిబడినచో తెరపైనున్న మీట నొక్కవలెను. ఎందఱు నొక్కిరి, ఏ వేళ నొక్కిరి అనుదానినిబట్టి అక్కడివారు అప్రమత్తులగుదురు. వేసవిలో సియాటిల్‌కును మనకును పండ్రెండున్నర గంటల అంతరము. మనకు మధ్యాహ్నము మూడు గంటలైనప్పుడు అక్కడ తెల్లవారుజాము రెండున్నర. అక్కడి చూపరులును శ్రోతలును గాఢనిద్రలో నుండు ఆ ఘడియలలో, ఇక్కడ భోజనానంతరము కొంత తీరిక చిక్కిన గృహస్థు, బడి సెలవులలోనున్న బాలిక, దుకాణములో గిరాకీ లేక కూర్చున్న వర్తకుడు ఆ సముద్రమునకు చెవియొగ్గగలరు. వారి రాత్రికి మన పగలు కావలికాయవచ్చును.

విను అలవాటు నాకును ఉన్నది. చాలసార్లు వినవచ్చునది నీటి సన్నని హోరు, దూరపు ఓడ యంత్రముల గుడుగుడు, వానచినుకుల చిటపట. ఏమియు లేని ఆ గంటలు వ్యర్థములు కావని క్రమముగా తెలిసినది. సముద్రము నిశ్శబ్దమని పుస్తకములలో చదివిన మాట ఎంత అసత్యమో, ఓడ యొకటి సమీపించి, ఇతర ధ్వనులనన్నిటిని మ్రింగివేసి, చాలసేపటికి గాని దాటిపోనప్పుడు తెలియును. మొదటిసారి ఆ కూత వినబడినప్పుడు, సన్నగా మొదలై పైకి సాగి తటాలున తెగిన ఆ స్వరమునకు, ఎక్కడనుండియో మఱియొకటి సమాధానము పలికినది. మీట నొక్కితిని, నా వెంట ఎందఱో నొక్కుచుండిరి.

మనుష్యులెల్లప్పుడు మేలుకొని యుండలేరు గనుక యంత్రమును వినుట నేర్చుచున్నది. రెడ్మండులోని మైక్రోసాఫ్టు ఉద్యోగులు కొందఱు తీరికవేళలలో స్వచ్ఛందముగా పూనుకొని, ఓర్కాసౌండ్‌తో కలసి ఓర్కాహలో అను కృత్రిమమేధా సాధనమును నిర్మించిరి. 2020నుండి అది హైడ్రోఫోన్లను ఎడతెగక వినుచు, ఓర్కా కూతయని తోచినదానిని వేఱుచేసి ముందుంచును. అయినను అది తీర్పు చెప్పదు. అనుభవము గల శ్రోత విని అవునన్న పిదపనే వార్త వెలువడును. ఆ యంత్రమునకు పాఠములైనవి పూర్వము మనుష్యులు విని గుర్తులు పెట్టిన ధ్వనిముద్రణలే.

ఇంత తెలిసికొని చేయునదేమి యని అడుగవచ్చును. దక్షిణ నివాసి ఓర్కాలకు నేడు మూడు కష్టములు: ప్రధానాహారమైన చినూక్ సాల్మన్ చేపలు తరిగిపోవుట, నీటిలో చేరిన రసాయనముల విషము, ఓడల రొద. మొదటి రెండు నెమ్మదిగా నయము కావలసినవి. రొద మాత్రము ఓడ నెమ్మదించిననాడే తగ్గును. ప్రతిధ్వనులతో చేపను వెదకుకొను ప్రాణికి ఆ తగ్గుదలయే ఆహారము. వాంకూవర్ ఓడరేవువారు 2017నుండి హారో జలసంధిలో, ఓర్కాలు తిరుగు ఋతువున, వాణిజ్యనౌకలను వేగము తగ్గించి నడుపుడని కోరుచున్నారు. నౌకలలో అత్యధికము స్వచ్ఛందముగా తగ్గించుచున్నవి. ఎక్కడ తగ్గించవలెను, ఏ నెలలో తగ్గించవలెను అని నిర్ణయించుటకు ఆధారము చూపరుల లేఖలు, హైడ్రోఫోన్ల ముద్రణలు. 2018 జూలై 24న టహలెక్వా యను జె-35, పుట్టిన కొలది సేపటికే మరణించిన తన బిడ్డను ముక్కుపై మోయుచు, జారిపోయినప్పుడెల్ల మునిగి తెచ్చుకొనుచు, 17 దినములు, సుమారు 1600 కిలోమీటర్లు తిరిగినది. ఆ తల్లి ఎవరో, ఆమెకు అంతకుముందు ఎందఱు బిడ్డలో, ఆ యాత్ర ఏ దినమున ఎచ్చటికి చేరెనో ప్రపంచమునకు తెలిసినది ఆ యొడ్డువారివలననే. ఆ వార్త చదివి కన్నీరు పెట్టుకొన్న తల్లులు మన ఊళ్లలోను ఉన్నారు. 2024 చివర ఆమెకు మరల అదే దుఃఖము ప్రాప్తించినది.

ఓర్కాలు మన సముద్రములకు పరాయివి కావు. శ్రీలంక చుట్టుపట్ల, లక్షద్వీపములవద్ద, అండమానులవద్ద అవి అప్పుడప్పుడు కనబడుచున్నవి. లక్షద్వీపములలోని కవరత్తి యొద్ద నీటిలో ధ్వనిముద్రణ యంత్రములుంచి, నీలి తిమింగిలముల పాటలు వర్షర్తువునకు ముందు, ఏప్రిల్, మే మాసములలో ఎక్కువగా వినవచ్చునని దివ్య పనికర్ అను పరిశోధకురాలు 2021లో ప్రకటించినది. ఆమె చదివినది సియాటిల్ నగరమునందలి వాషింగ్టను విశ్వవిద్యాలయముననే. మన సరిహద్దు దాటి ఒడిశాలో ప్రవేశించిన పిదప వచ్చు చిలికా సరస్సులో సుమారు 150 ఇరావతీ డాల్ఫినులున్నవి. వానినిగూర్చియు నీటిలోని చెవితో పరిశోధనలు జరిగినవి. సముద్రమునకు దూరముగా నున్నవారు సముద్రమును వినలేరను మాటకు మన హైదరాబాదే ప్రత్యుత్తరము: ప్రగతినగరునందలి ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రగర్భమున ఉంచిన ఒత్తిడి కొలమానుల సంకేతములను స్వీకరించుచు, 2007నుండి హిందూమహాసముద్రమునకు సునామీ హెచ్చరికలు జారీచేయుచున్నది.

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు వెయ్యి కిలోమీటర్ల దరిదాపున సాగిన తెలుగు తీరమున, డాల్ఫినులను దినదినము చూచువారు జాలరులు. వారు చూచినది వ్రాసికొను పుస్తకము మాత్రము ప్రతి రేవునను లేదు. దేశమున సముద్రక్షీరదముల దర్శనములను, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన వాని వివరములను సేకరించి భద్రపరచు పని పరిశోధకుల సమష్టికృషిగా ఇప్పటికే నడుచుచున్నది. దానికి భీమునిపట్నము, కళింగపట్నము, ఉప్పాడ, నిజాంపట్నముల నుండి తేదీ, వేళ, దూరము, సంఖ్య, దిక్కు, పిల్లలున్నవా లేవా యను ఆరు మాటలు తెలుగుననే చేరు ఏర్పాటు కావలెను. రెండు మూడు రేవులలో హైడ్రోఫోన్లు దించి ఆ ధ్వనిని బడులకు అందించినచో, వినుటకు జహీరాబాదు పిల్లలును సిద్ధమే. పదేండ్లపాటు ఆ పుస్తకము నిండినచో, ఏ ఋతువున ఏ గుంపు గోదావరి ముఖమునకు వచ్చునో, ఏ తల్లి ఏ గాటు గల రెక్కతో తిరుగునో పేర్లతో చెప్పవచ్చును. విశాఖ రేవునకు వచ్చు ఓడలు ఎచ్చట, ఏ నెలలో వేగము తగ్గించవలెనో అడుగుటకును అప్పుడు మన చేత లెక్క ఉండును.